34 × 18 అంగుళాలు: అంబాలాలో మా ఒంటిగది డైరీ

నవంబరు రెండో వారం

హర్యానాలోని అంబాలా కంటోన్మెంట్‌లో మాకిచ్చిన గది కొలతలు తీశాం. పొడవు 14 అడుగులు, వెడల్పు 10. ముందు వరండా. ఆ వరండాలో ఒక చివర గట్టు, కుళాయి ఉన్నాయి, అదే వంటిల్లు. బాత్రూం వెనక వైపు. ఉండేది నలుగురం: మా వారు, నేను, ఏడో తరగతి చదివే పాప, రెండో తరగతి బాబు. సామానంటే ఆరు నల్ల పెట్టెలు, రెండు హోల్డాళ్ళు (పరుపు చుట్టే సంచులు), కుట్టుమిషను, బాబు సైకిలు, ఆవకాయ జాడీ.

మా వారు సైన్యంలో ఉన్నారు. ఆయన ఫీల్డ్‌లో, అంటే కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి వీల్లేని చోట, ఉన్నన్నాళ్ళూ మేం సికింద్రాబాద్‌లో ఉన్నాం. ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళ కుటుంబాలకు ఇచ్చే క్వార్టర్ అది, రెండు గదులు. ఇప్పుడు ఆయనకు పీస్ స్టేషన్ (కుటుంబంతో ఉండగలిగే చోటు) వచ్చింది, ఫ్యామిలీని తెచ్చుకోవడానికి పర్మిషన్ కూడా వచ్చింది. క్వార్టర్ మాత్రం సీనియారిటీ లిస్టులో వంతు వచ్చినప్పుడే. ఇళ్ళ కొరత సైన్యంలో ఈనాటిది కాదు. 2002లో మ్యారీడ్ అకామడేషన్ ప్రాజెక్ట్ అని సుమారు 2 లక్షల ఇళ్ళు కట్టే పథకం మొదలుపెట్టింది ఇందుకే. చాలా స్టేషన్లలో కొత్త బ్లాకులు లేచాయి. అయినా యూనిట్లు వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి ఎవరో ఖాళీ చేస్తే తప్ప ఇంకొకరికి తాళంచెవి దొరకదు. అప్పటిదాకా ఉండమని ఇచ్చిన గది ఇది.

యూనిట్ పేరు, బ్లాకు నంబరు ఇక్కడ రాయను, ఫోటోలూ పెట్టను. ఫౌజీ (సైనికుల) ఇళ్ళవాళ్ళకు కారణం చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళు కొలతలతో ఊహించుకోండి.

మార్చ్-ఇన్ రోజు, అంటే గదిలో దిగిన రోజు, ఎం.ఈ.ఎస్. (సైన్యం కట్టడాలు చూసుకునే శాఖ) మనిషి కాగితం పట్టుకుని వచ్చి అన్నీ రాయించాడు: ఫ్యాన్ ఒకటి, ట్యూబ్‌లైట్లు రెండు, ఇనుప మంచాలు రెండు, టేబుల్ ఒకటి, కిటికీ అద్దాలు ఇన్ని. మంచాల మీద తెల్ల పెయింటుతో నంబర్లు ఉన్నాయి. వెళ్ళే రోజు ఇవన్నీ ఇలాగే అప్పజెప్పాలి. గోడకు మేకు కొడితే, పెచ్చు లేస్తే, బ్యారక్ డ్యామేజ్ అని జీతంలో కోస్తారు. కాబట్టి ఈ పనికి మొదటి షరతు అక్కడే ఖాయమైంది. గోడను ముట్టుకోకూడదు.

నవంబరు మూడో వారం

వచ్చినప్పటి నుంచి పెట్టెలు గోడ పక్కన ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఏది కావాలన్నా పైవి దించాలి. స్వెట్టర్ కోసం మూడు పెట్టెలు దించి, మళ్ళీ ఎక్కించేసరికి పొద్దెక్కిపోతోంది. పక్క గది గఢ్వాలీ భాభీ అన్నీ తాళాలు వేసే ఉంచేసింది. "చార్ మహీనే కీ తో బాత్ హై" (నాలుగు నెలల సంగతేగా) అంటుంది. చాలామంది చేసేదీ అదే. కుక్కరు, నాలుగు జతల బట్టలు, ఒక బకెట్టు బయట పెట్టుకుని, మిగతా జీవితం పెట్టెలో పెట్టి క్వార్టర్ కోసం ఎదురుచూడటం.

నేను అలా చేయదలచుకోలేదు. దానికి కారణం పాప. స్కూలు నుంచి వచ్చాక బ్యాగు మంచం కింద పడేసి, అదే బ్యాగులోంచి రోజుకో పుస్తకం తీసి చదువుకుంటోంది. "నీ పుస్తకాల పెట్టె తీయనా?" అంటే "ఎందుకమ్మా, మళ్ళీ సర్దాలిగా" అంది. కోపంగా కూడా అనలేదు, మామూలుగా అంది. అదే నాకు కష్టం అనిపించింది. పన్నెండేళ్ళ పిల్లకు నాలుగు నెలలంటే చిన్న సంగతి కాదు. క్లాసు మధ్యలో స్నేహితుల్ని వదిలి వచ్చింది. ఇక్కడ చదివే పాఠాలు, పడే జలుబులు, చేసుకునే స్నేహాలు అన్నీ నిజమైనవే. క్వార్టర్ వచ్చాకే బతుకు మొదలవుతుందని పిల్లలు అనుకోకూడదు.

స్కూలు విషయంలో మాత్రం టెన్షన్ పడలేదు. సికింద్రాబాద్‌లోనూ కేంద్రీయ విద్యాలయమే, ఇక్కడా అదే. అదే సిలబస్, అవే పుస్తకాలు. ఆ స్కూళ్ళు పుట్టిందే బదిలీల కోసం. 1963లో మొదలుపెట్టినప్పుడు రెజిమెంటల్ (సైనిక దళాల) స్కూళ్ళు 20 తీసుకుని సెంట్రల్ స్కూల్స్‌గా మార్చారు. చదువు తెగకుండా ఏర్పాటు ఉంది. కూర్చుని చదువుకోవడానికి చోటు చూడాల్సింది మేమే.

అదే వారం, ఆదివారం

పెట్టెల్నే సామానుగా వాడాలని నిర్ణయించాం. కొత్తగా అల్మరా, టేబుల్ కొంటే ఇక్కడ పట్టవు, రేపు తీసుకెళ్ళడమూ కష్టమే. పెట్టె బయటి కొలత 36 అంగుళాల పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తు. ఆరూ ఒకే సైజు. ఇది మా మామయ్యగారి చలవ. ఆయన సుబేదార్‌గా రిటైరయ్యారు. ఊరు పశ్చిమ గోదావరిలో మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్ళి, మిలిటరీ మాధవరం అని పేరు పడ్డ ఊరు. మా పెళ్ళికి ఆయన ఇచ్చింది ఇవే: తనవి రెండు, వాటి సైజులోనే కొత్తగా చేయించినవి నాలుగు. "సైజు ఒకటే అయితే లారీలో ఇటుకల్లా కూర్చుంటాయమ్మా" అన్నారు.

పాత రెండింటి మీద పెయింటు పొరలు పొరలుగా ఉంది. ఒక మూల పెచ్చు లేచిన చోట గోరుతో గీకితే నలుపు కింద ఆకుపచ్చ, దాని కింద మళ్ళీ నలుపు. తెల్ల అక్షరాల మీద ఇంకో తెల్ల అక్షరాలు. ఆయన నంబరు మీద మా వారి నంబరు. ఏటవాలు వెలుతురులో చూస్తే అడుగున ఉన్న "బబీనా" అనే ఊరి పేరు ఉబ్బెత్తుగా ఇప్పటికీ కనిపిస్తుంది. బాబు దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆ పేరు తీసుకున్నాడు.

ప్లాన్ ఇది: రెండు పెట్టెలు నిలువుగా నిలబెట్టి బీరువాలు. రెండు మంచాల కింద. రెండు వరసగా గుమ్మం పక్కన, మీద జంపఖానా పరిస్తే వచ్చినవాళ్ళు కూర్చోవడానికి.

ఇంకొక షరతు మా వారు పెట్టారు, ఈ పని మొత్తానికి ఆయువుపట్టు అదే. మేం కొత్తగా చేసే ప్రతి చెక్కా పెట్టె లోపల పట్టాలి. లోపలి కొలత 35, 19 వచ్చింది. అంచుల దగ్గర మడత ఉంటుంది కాబట్టి 34 × 18 దాటకూడదని రాసుకున్నాం. వచ్చే పోస్టింగ్ ఎక్కడైనా, ఏదీ పారేసి వెళ్ళక్కర్లేదు.

నవంబరు చివర

సదర్ బజార్ నుంచి 12 ఎం.ఎం. ప్లైవుడ్ షీటు ఒకటి తెచ్చాం. షీటు 8 అడుగులకు 4, అంటే 96 × 48 అంగుళాలు. ముందే కాగితం మీద గీసుకుని వెళ్ళాం. 34ను 48 వైపు పెట్టి, 18 చొప్పున కోసుకుంటూ పోతే ఐదు చెక్కలు వస్తాయి. ఐదు పద్దెనిమిదులు తొంభై, రంపం తినేదానికి ఇంకా చోటుంది. మిగిలేది 14 అంగుళాల వెడల్పున 96 పొడవున్న పట్టీ. నిలబెట్టిన పెట్టెల్లో అరలు వేయడానికి సరిగ్గా అదే కావాలి. ఆ పట్టీలోంచి ఐదు అరలు తీశాం. షీటులో పొట్టు తప్ప వృథా పోయింది లేదనే చెప్పాలి. కోసిన మిస్త్రీకి గీసిన కాగితం చూపిస్తే తల ఊపి, అడగకుండానే అంచులకు శాండ్ పేపర్ కూడా పట్టించి ఇచ్చాడు.

పెట్టెను నిలబెడితే మూతే తలుపు అవుతుంది. అరలు పెట్టేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. మూత లోతు రెండంగుళాల దాకా ఉంటుంది, ఆ భాగంలోకి అర రాకూడదు, వస్తే తలుపు పడదు. అందుకే అర లోతు పన్నెండున్నరకు తగ్గించాం. రెండోది, పెట్టె రేకుకు బెజ్జాలు వేయకూడదు. వేస్తే వానాకాలం లారీలో నీళ్ళు దిగుతాయి. దానికి మామూలు రీపర్ (సన్న చెక్క పట్టీ) ముక్కలే వాడాం. రెండు పక్కలా నిలువు ముక్కలు, వాటి మీద అర, అర మీద మళ్ళీ నిలువు ముక్కలు, వాటి మీద ఇంకో అర. కింది నుంచి పైదాకా బిగుతుగా అమరిపోతాయి. మేకు లేదు, జిగురు లేదు. తీసేయడానికి ఐదు నిమిషాలు చాలు.

తలుపు తీయగానే బరువు ముందుకొచ్చి పెట్టె తూలుతోంది. ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు కాబట్టి దీన్ని వదిలేయకూడదు. రెండు పెట్టెల్నీ వీపులు గోడ వైపు పెట్టి, పక్కపక్కన ఆనించి, హోల్డాల్ బెల్టులతో పైన ఒకటి, కింద ఒకటి బిగించాం. అడుగు అరలో బరువైనవే: ఒకదాన్లో బూట్లు, ఇంకోదాన్లో పుస్తకాలు, రోలు. ఇప్పుడు బాబు తలుపు పట్టుకుని వేలాడినా కదలట్లేదు. వేలాడి చూశాడు కూడా.

ఒక పెట్టె పూర్తిగా మా వారి యూనిఫాంకే. ఇరుకు గదిలో అది దుబారా అనిపించొచ్చు, కానీ ఆలోచించే ఇచ్చాం. ఆయన పొద్దున్నే పీటీకి వెళ్ళాలి. లైటు వేస్తే ముగ్గురం లేస్తాం. అందుకని చీకట్లో చేత్తో తడిమితే దొరికేలా సర్దాం. పై అరలో ఎడమన బెల్టు, కుడిన టోపీ. మధ్యలో ఇస్త్రీ చేసిన జత. కింద బూట్లు, వాటిలోనే మేజోళ్ళు. తలుపు అంచుకు పాత చీర పట్టీ అతికించాను, మూసినప్పుడు రేకు చప్పుడు రాకుండా. ఇప్పుడు ఆయన ఎప్పుడు వెళ్ళారో మాకు తెలియదు.

డిసెంబరు మొదటి వారం

మంచాలు ఎత్తాం. మంచం కింద 12 అంగుళాల ఖాళీ ఉంది, పెట్టె 15. ఇటుకలు పెట్టొచ్చు, కానీ ఇనుప కాలు ఇటుక మీద జారుతుంది. అదే బజారులో పాత దూలం ముక్కలు దొరికాయి. 5 అంగుళాల ఎత్తున ఎనిమిది దిమ్మలు కోయించి, ఒక్కోదాని నడిమిన అంగుళం లోతు గుంట తీయించాం. కాలు గుంటలో కూర్చుంటుంది, కదలదు. ఖాళీ 16 అయింది. పెట్టె కింద పాత దుప్పటి మడిచి వేస్తే లాగినప్పుడు గచ్చు మీద సులువుగా జరుగుతుంది, గీతలు పడవు. మార్చ్-ఔట్ రోజున గచ్చు కూడా చూస్తారు.

మామయ్యగారు ఫోన్లో చెప్పింది: "అమ్మా, చలికాలం అక్కడ గోడలు చెమ్మ పడతాయి. పెట్టెను గోడకు ఆనించి పెట్టకు, మూడు వేళ్ళ సందు వదులు. నెలకోసారి మూతలు తీసి ఎండ చూపించు." ఆ సందు వదిలాం. పక్క గదుల్లో ఆనించి పెట్టిన పెట్టెల వెనక అప్పుడే తుప్పు మొదలైంది. ఇరుకు గదిలో నలుగురి ఊపిరి, వంట ఆవిరి, ఆరేసిన తడిబట్టలు అన్నీ కలిసి చల్లటి రేకు మీదా గోడ మీదా నీళ్ళవుతాయి. బట్టలు లోపల ఆరేయడం మానేశాను. పొగమంచు ఎంత ఉన్నా వరండాలోనే.

పాప చోటు: కిటికీ వైపు మంచం తనది. కిటికీ గ్రిల్లుకూ ఎదురు గుమ్మం పైనున్న పాత కొక్కేనికీ నైలాన్ తాడు కట్టి, మంగళగిరి దుప్పట్లు రెండు పరదాగా వేశాం. మంచం ఎత్తాక తలవైపు ఇనుప కడ్డీ నేల నుంచి సుమారు 30 అంగుళాలకు వచ్చింది. మామూలుగా చదువుకునే టేబుల్ ఎత్తు అంతే. దాన్నే వాడుకున్నాం. 34 × 18 చెక్క ఒకదానికి ఒక వైపు రెండు ఇనుప కొక్కేలు, రెండో వైపు రెండు కాళ్ళు. కొక్కేలు వెల్డింగ్ షాపులో పట్టీ వంచి చేయించాం. అవి కడ్డీకి తగులుకుంటాయి. కడ్డీకి పాత సైకిల్ ట్యూబు చుట్టాం కాబట్టి జారదు, గీసుకోదు, ఎం.ఈ.ఎస్. వారి పెయింటు పోదు. కాళ్ళకు రెక్కల నట్లు వేశాం, స్పానర్ లేకుండా చేత్తో విప్పొచ్చు. కుర్చీకి ఆ మూల చోటు చాలదు, అందుకని కుట్టుమిషను స్టూలే కుర్చీ.

బిగించిన సాయంత్రం పాప వచ్చి దాని మీద మోచేతులు ఆనించి, బరువు వేసి, ఊగుతుందేమో చూసింది. ఊగలేదు. తర్వాత తనే తన పుస్తకాల పెట్టె లాగి తెరిచింది. సికింద్రాబాద్ స్నేహితురాళ్ళు ఇచ్చిన గ్రీటింగ్ కార్డులు తీసి పరదాకు పిన్నీసులతో గుచ్చింది. ఏమీ అనలేదు, నేనూ ఏమీ అడగలేదు. వంటింట్లోకొచ్చి కాసేపు ఒక్కదాన్నే నిలబడ్డాను.

డిసెంబరు మూడో వారం

వంటింటి గట్టు మీద అర వేశాను, ఒక చెక్క, నాలుగు రీపర్ కాళ్ళు, అంతే. దాని మీద స్టీలు గిన్నెలు, గ్లాసులు. అంబాలాలో వైమానిక స్థావరం ఉంది. 2020 జులై 29న మొదటి ఐదు రఫేల్ విమానాలు ఫ్రాన్స్ నుంచి వచ్చి దిగింది ఇక్కడే. అవి లేచినప్పుడు మా అర మీద గ్లాసులన్నీ గలగలమంటాయి, అంచున ఉన్నవి జరిగి పడతాయి కూడా. చెక్క మీద పలచటి రబ్బరు షీటు పరిచి, ముందు అంచుకు అంగుళం ఎత్తు రీపర్ పట్టీ బిగించాక ఆగిపోయాయి. బాబుకు మాత్రం ఆ చప్పుడు వినిపిస్తే అన్నం పళ్ళెం వదిలి బయటికి పరుగే. పొగమంచులో ఏమీ కనపడదు, అయినా ఆకాశం వైపు చూసి సెల్యూట్ కొట్టి వస్తాడు.

ఇడ్లీ పిండి ఈ చలికి పులవదు. దానికీ పెట్టే పనికొచ్చింది. పిండిని మూత గట్టి స్టీలు డబ్బాలో సగానికే పోసి, శాలువా చుట్టి, రజాయిలున్న పెట్టెలో రజాయిల మధ్య పెట్టి మూత వేస్తే తెల్లారేసరికి పొంగుతోంది. ఆ పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేయకూడదు, వాసన పడుతుంది. నేను ఎండు వేపాకు గుడ్డలో మూటకట్టి వేస్తున్నాను.

డిసెంబరు చివర

చలి బాగా ముదిరింది. ఇది పాత కట్టడం. అంబాలా కంటోన్మెంట్ 1843లో ఏర్పడింది, ఇలాంటి ఎత్తు కప్పుల కట్టడాలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. వేసవికి ఆ ఎత్తు మంచిదే, చలికాలం మాత్రం హీటరు వేడి అంతా పైకి పోయి అక్కడే ఉండిపోతుంది. ఇనుప మంచాలకు దోమతెర కర్రలు ఉన్నాయిగా, వాటి మీద దోమతెర బదులు మందపాటి దుప్పటి పరిచి, మూడు వైపులా కిందికి దించాం, నాలుగో వైపు తెరిచి. గది మొత్తం వేడెక్కకపోయినా మంచం వరకూ వెచ్చగా ఉంటుంది. పిల్లలకు అది గుడారం.

హీటరు విషయం కాస్త వివరంగా రాస్తాను, కొత్తగా ఉత్తరాదికి వచ్చే మనవాళ్ళకు ఇది తెలియాలి. 2000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. గదిలో ఉన్న చిన్న సాకెట్లు 6 ఆంపియర్లవి. వాటికి ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి హీటరు పెడితే వైరు కాగి అంటుకోవచ్చు. మా దగ్గర 16 ఆంపియర్ల సాకెట్ ఒక్కటే, బాత్రూం గోడకు. అందుకే పొద్దున నీళ్ళ రాడ్డు, రాత్రి హీటరు, రెండూ వంతులవారీగా. హీటరు గుడారం దుప్పటికి నాలుగడుగుల దూరంలో ఉండాలి, నిద్రకు ముందే ఆపేయాలి.

బొగ్గుల అంగీఠీ (కుంపటి) మాత్రం ఎవరు ఇస్తామన్నా వద్దన్నాను. తలుపులు మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఉత్తరాదిలో ప్రతి చలికాలం ఇలాంటి వార్త వస్తూనే ఉంటుంది. భాభీ వాళ్ళు రాత్రి గదిలో పెట్టుకుని పడుకుంటున్నారని తెలిసి, ఆ పూటే వెళ్ళి కూర్చుని మాట్లాడాను. వాళ్ళాయన డ్యూటీలో ఉంటే ఆమె, ముగ్గురు పిల్లలే. మొదట నవ్వేసింది. మా వారు కూడా వచ్చి చెప్పాక ఒప్పుకుంది. మర్నాడు ఆమె మంచాలకూ దుప్పటి గుడారం కట్టి ఇచ్చాం. మా గది పై వెంటిలేటర్ కూడా ఎంత చలైనా మూయడం లేదు.

జనవరి, సంక్రాంతి తర్వాత

భోగికి వరండా ముందు చిన్న మంట వేసుకున్నాం, ఇక్కడివాళ్ళ లోహ్రీ మంటల పండుగ కూడా అప్పుడే కాబట్టి అందరూ చేరారు. ఆర్మీ డే 15న, ఆయనకు ఆ వారమంతా పరేడ్ పనులే.

ఆవకాయ జాడీకి చోటు దొరికింది. గుమ్మం పక్క కూర్చునే పెట్టెలకూ గోడకూ మధ్య వదిలిన సందును ఒక చివర కాస్త పెంచి, అక్కడ చుట్టకుదురు మీద పెట్టాను. వచ్చినవాళ్ళకు కనపడదు, కాలికి తగలదు.

చెక్కల అడుగున పెయింటుతో నంబర్లు వేస్తున్నాం: ఏ చెక్క ఏ పెట్టెలోకి, ఏ కాలు ఏ చెక్కకు. కొక్కేలు, రెక్కల నట్లు ఒక ప్లాస్టిక్ డబ్బాలో. ఓ ఆదివారం మొత్తం విప్పి, మళ్ళీ పెట్టెల్లో సర్ది చూశాం. అన్నీ పట్టాయి. తిరిగి బిగించే పని పాపకు అప్పజెప్పాం. నంబర్లు చూసుకుంటూ మధ్యాహ్నం భోజనాల లోపు ముగించేసింది.

లిస్టులో మా పేరు పైకి జరిగిందన్నారు. ఎండాకాలం లోపు రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే కూలర్ స్టాండు చేయాలి, దాని కొలత కూడా 34 × 18 లోపే.

రెండు గదుల అవతల ఉండే చేచీ (మలయాళంలో అక్క) పాప చదువుకునే బల్ల చూసి తమకూ కావాలంది. వాళ్ళ అబ్బాయికి పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి. వచ్చే ఆదివారం సదర్ బజార్‌కు కలిసి వెళ్దామన్నాం. వాళ్ళ పెట్టెలు తలా ఒక సైజు కాబట్టి షీటు కొనే ముందు అన్నిటి లోపలి కొలతలూ తీయాలి, అందులో చిన్నదాన్ని బట్టి చెక్క కోయించాలి. టేపు పట్టుకుని శుక్రవారం సాయంత్రం వెళ్తున్నాను.